ఎడమ చెవిన వేసిన మాట

యోర్లేనీ నేల మీద వెల్లకిలా పడి ఉంది, జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. పోయిన వారం మిమ్మల్ని అక్కడ వదిలేసి వెళ్లిపోయాను. నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. ఆ శుక్రవారం నేనూ ఒక్కర్నీ వదలకుండా తిట్టాను.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు హన్నియా. ఒకప్పుడు నాట్యం ఆడేదాన్ని, మోకాళ్లు మొరాయించాక ఆడించేదాన్నయ్యాను. శాన్ హోసే ఊళ్లో, అమోన్ పేటలో, పాతకాలపు కాఫీ గిడ్డంగి ఒకటి థియేటరుగా మారింది. అందులో అక్టోబరు నెలంతా మా ఆధునిక నాట్యాల సీజన్. బోర్డు మీద ఏదో గంభీరమైన పేరు రాసి ఉంటుంది గానీ, ఊరు ఊరంతా దాన్ని 'లా గోతెరా' అనే అంటుంది. అంటే కారే చూరు. పైన రేకులు, కింద మేము, మధ్యలో బకెట్లు. బుద్ధి ఉన్నవాళ్లెవరూ అక్టోబరు వానల్లో సీజన్ పెట్టుకోరు. వాన లేని నెలలన్నీ పెద్ద బృందాలు ఎగరేసుకుపోతాయి కాబట్టి మాకు మిగిలింది ఇదే.

యోర్లేనీ, గ్రేవిన్ నా బృందంలో జంట. బయట కూడా జంటే, మొన్న జూన్ దాకా. జూన్‌లో ఆ పిల్ల పెట్టె సర్దుకుని, పక్క ఊరు అలహువేలాలో అక్కగారింటికి వెళ్లిపోయింది. ఏమైందమ్మా అంటే, "గోడతో కాపురం చేసీ చేసీ విసుగొచ్చింది దోన్యా హన్నియా" అంది. దోన్యా అంటే మా దగ్గర అమ్మగారు, దోన్ అంటే అయ్యగారు. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. ఇంట్లో ఎలా ఏడ్చినా స్టేజీ మీద కలిస్తే నాకు చాలనుకున్నాను.

వాళ్ల జంట నాట్యం పేరు 'తలుపు'. అందులో ఒకచోట పాట ఆగిపోతుంది. లైట్లన్నీ ఆరిపోయి, యోర్లేనీ పాదాల దగ్గర నేల మీద మాత్రం చాపంత వెలుగు మిగులుతుంది. గ్రేవిన్ ఆమె వెనకాల చీకట్లో, ఎడమ భుజం ఆమె వైపు ఉండేలా పక్కకి తిరిగి నిలబడతాడు. ఆమెను చూడకూడదు. థియేటరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో యోర్లేనీ అందరికీ వినపడేలా ఒక్క ఊపిరి పీల్చి, నిలువునా వెనక్కి పడిపోతుంది. ఆ ఊపిరే సైగ. అది వినగానే గ్రేవిన్ గిరుక్కున తిరిగి, రెండంగల్లో చేరుకుని, ఆమె వీపు నేలకి తగిలేలోపు పట్టుకోవాలి. చీకట్లోంచి వాడి చేతులు రెండూ ఆ వెలుగులోకి రావడం జనానికి కనపడాలి. ఈ నాట్యమంతా నేను ఆ ఒక్క క్షణం కోసమే కూర్చాను.

శుక్రవారం ఆ చేతులు రాలేదు.

తమాషా ఏమిటంటే, చూసినవాళ్లు అదీ నాట్యమే అనుకున్నారు. ఆధునిక నాట్యానికి వచ్చేవాళ్లు పాపం దేనికైనా సిద్ధపడే వస్తారు. ఒకావిడ బయట నా చేతులు పట్టుకుని, "పట్టుకోని చేతులు! అబ్బ, ఎంత గొప్ప ఆలోచనండీ!" అని కళ్లొత్తుకుంది. లోపల యోర్లేనీ తల వెనక కట్టిన బొప్పి తడుముకుంటూ కూర్చుని ఉంది. మణికట్టు వాచిపోయింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియక, ఆవిడకి థ్యాంక్స్ చెప్పి లోపలికొచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దర్నీ స్టేజీ మీదికి పిలిచాను. సాయంత్రం మళ్లీ ఆట ఉంది. దాన్ని ఎలా గట్టెక్కించాలో తేల్చుకోవాలి. పైన లైట్ల గూట్లో దోన్ ఎవేలియో ఉన్నాడు. ఈ థియేటరు తాళాలూ లైట్లూ ఆయన చేతిలోనే ఉంటాయి. నా ఈడువాడే, నోరు మాత్రం నాకంటే పెద్దది.

యోర్లేనీ మణికట్టుకి కట్టు కట్టుకుని వచ్చింది. గ్రేవిన్ మొహం చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. ఇద్దరూ స్టేజీకి చెరో కొసనా నిలబడ్డారు.

"నాకు పెద్ద పెద్ద మాటలేం అక్కర్లేదు," అంది యోర్లేనీ. "ఒక్కటి చెప్పు. కావాలనే వదిలేశావా?"

"పిచ్చిదానా, కావాలని ఎందుకు వదిలేస్తాను?"

"మరి ఎందుకు రాలేదు?"

గ్రేవిన్ నేలకేసి చూశాడు. "వాన," అన్నాడు. "రేకుల మీద ఆ వాన మోతకి నీ ఊపిరి వినపడలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. వానే! ఈ ఊళ్లో అక్టోబరులో వాన మీద నెట్టలేని తప్పు ఏముంటుంది? యోర్లేనీ భుజాలు కూడా కాస్త కిందికి దిగాయి. అంతలో పైనుంచి దోన్ ఎవేలియో తల బయటపెట్టాడు.

"వాన అప్పటికే ఆగిపోయింది కదయ్యా! రెండో వరసలో ఎవరో మిఠాయి కాగితం విప్పుతుంటే నాకిక్కడికి వినపడింది. దిగొచ్చి ఆ కాగితం లాక్కుందామనుకున్నాను కూడా."

ఆయన మాట నిజం. పాట ఆగే ముందు వాన వెలిసింది. నా నిశ్శబ్దం కోసం దేవుడే కుళాయి కట్టేశాడని మురిసిపోయిన దాన్ని నేనే. గ్రేవిన్ కేసి చూశాను. వాడు మొహం తిప్పుకున్నాడు.

"అయితే వినపడింది," అంది యోర్లేనీ. ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేదు. "విని, రాలేదు."

"యోర్లే..."

"నోరు ముయ్యి. దోన్యా హన్నియా, ఈ సాయంత్రం వాడుంటే నేనుండను. ఇవాళొక్కరోజే కాదు. వాడితో ఇంకెప్పుడూ ఆడను, ఎందుకు ఆడనో అడిగినవాళ్లకి చెబుతాను కూడా. మీరే తేల్చుకోండి."

అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ మాటకి అర్థం ఏమిటో మాలో అందరికీ తెలుసు. నాట్యంలో కాలు తప్పినవాణ్ణి క్షమిస్తాం. తాగొచ్చినవాణ్ణి కూడా తిట్టి, మొహం కడిగించి ఆడిస్తాం. పట్టుకోవలసిన మనిషిని కావాలని వదిలేసినవాడికి మాత్రం ఈ ఊళ్లో ఎవరూ వీపు అప్పగించరు. యోర్లేనీ నోరు విప్పితే గ్రేవిన్ నాట్యం ఆ రోజుతో సరి. వాడికి అది తప్ప ఇంకో పని రాదు, ఇంకో పని మీద ఆశా లేదు.

"ఒరే, చెప్పరా," అన్నాను. "వాన అని ఎందుకు అబద్ధమాడావు?"

వాడు స్టేజీ మధ్యలో చతికిలబడి అరికాలికి చుట్టుకున్న టేపు విప్పుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దానికి తోడు ఎక్కడో బకెట్లో చుక్కలు పడుతున్నాయి. వాన లేకపోయినా లా గోతెరా కారుతూనే ఉంటుంది, రేకుల మీద నిలిచిన నీళ్లు దిగేదాకా. టప్, టప్, టప్. ఎడమ పక్క తెర వెనక ఉంది ఆ బకెట్టు.

"ముందు ఆ బకెట్టులో గుడ్డ పడెయ్యి. ఆ టపటపలతో నాకు పిచ్చెక్కేలా ఉంది."

గ్రేవిన్ లేచాడు. ఒక్క క్షణం తల అటూ ఇటూ తిప్పాడు. తిప్పి, నేరుగా కుడి పక్క తెర దగ్గరికి వెళ్లి, తెర పైకెత్తి చూశాడు. అక్కడేం లేదు. వెనక్కి వచ్చి, మళ్లీ చెవి ఒగ్గి, మళ్లీ కుడికే వెళ్లాడు.

టప్, టప్ మని ఎడమ పక్క మోగుతూనే ఉంది. స్టేజీ దాటి వీధిలో ఉన్నవాడికి కూడా వినపడేలా మోగుతోంది.

మెల్లగా వాడి ఎడమ పక్కకి వెళ్లి నిలబడ్డాను. మామూలు గొంతుతో, "గ్రేవిన్," అన్నాను. పలకలేదు. "గ్రేవిన్, నాన్నా," అన్నాను. తెర మడతలు వెతుక్కుంటూనే ఉన్నాడు. భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి తిరిగాడు. నా మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఈస్టరు ముందు పవిత్ర వారం నుంచి," అన్నాడు. ఏప్రిల్ అన్నమాట. "ఒకరోజు పొద్దున లేచేసరికి ఎడమ చెవిలో ఈల. వారం రోజులు మోగింది. తర్వాత ఈల ఆగిపోయింది. దాంతోపాటు అన్నీ ఆగిపోయాయి."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. నరం ఎండిపోయిందట. మందు లేదట."

"మరి ఇన్నాళ్లూ ఎలా పట్టుకున్నావురా ఆ పిల్లని? రిహార్సల్లో ఒక్కసారి కూడా తప్పలేదే!"

వాడు తల వంచుకుని నవ్వాడు. "మీరు తిట్టేవారు కదా, దొంగచూపులు మానరా అని. ఓరకంట తన భుజాలు చూసేవాణ్ణి. ఊపిరి పీల్చినప్పుడు భుజాలు లేస్తాయి. మన రిహార్సల్ గదికి కిటికీలున్నాయి. గురువారం ఇక్కడ లైట్ల పెట్టెలో నీళ్లు పడి, ట్యూబులైట్ల కిందే చేశాం కదా, అప్పుడూ కనపడింది. చీకట్లో చెయ్యడం శుక్రవారమే మొదలు. పాదాలు కనపడుతున్నాయి గానీ భుజాలు కనపళ్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే 'తలుపు' నాకిచ్చేవారా?"

ఇచ్చేదాన్ని కాదు. ఇస్తానని వాడి మొహాన అబద్ధం చెప్పలేకపోయాను.

"ఎడమది చెప్పెయ్యండి యోర్లేనీకి," అన్నాడు. "నేను చెబితే నమ్మదు. కుడిది మాత్రం చెప్పొద్దు."

"కుడిదా?"

"అదీ అదే దారిలో ఉందంది డాక్టరమ్మ. కాస్త నెమ్మదిగా పోతుందట, అంతే తేడా." టేపు ఉండ చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "జాలితో నా దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు దోన్యా హన్నియా. నా మీద ఒట్టు వెయ్యండి."

వేశాను. అప్పటికి అది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. సాయంత్రం ఆట సాగితే చాలనుకున్నాను.

గదిలో యోర్లేనీ వేడి వేడి బెల్లం నీళ్లు తాగుతోంది. వాచిన చేతి మీద గడ్డకట్టిన బఠాణీల సంచి పెట్టుకుంది. నన్ను చూసి, "తేల్చారా?" అంది.

"తేలుస్తాను గానీ, ముందు ఇది చెప్పు. నిన్న తెర లేచే ముందు వాడికి 'బోలెడు పేడ' అన్నావా లేదా?"

నవ్వకండి. స్టేజీ ఎక్కే ముందు మేము ఒకరికొకరం చెప్పుకునే మాట అది. శుభం కలగాలి అంటే అశుభం. పేడ పడాలి అంటే శుభం. దానికి ఎవరూ థ్యాంక్స్ చెప్పకూడదు. ఎందుకని అడిగితే మా గురువులకీ తెలియదు. ఎంత పగ ఉన్నా ఆ మాట చెప్పకుండా జంటని స్టేజీ మీదికి పంపడం మాలో ఎవరూ చెయ్యరు. శుక్రవారం రాత్రి గ్రేవిన్ ఎవరి దగ్గరో వాపోయాడట, అందరికీ చెప్పింది నాకు తప్ప అని. అది నా చెవిన పడింది.

యోర్లేనీ కప్పు టక్కున కింద పెట్టింది. "చెప్పలేదన్నాడా? ఎంత అబద్ధాలకోరు! చెప్పాను. చెప్పడమే కాదు, ఇంకా..." అని ఆగిపోయింది.

"ఇంకా?"

"వదిలెయ్యండి."

"వదలను."

ఆ పిల్ల బఠాణీల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "వెనకనుంచి వెళ్లి వాటేసుకున్నాను. చెవిలో బోలెడు పేడ అని చెప్పి, సీజన్ అయ్యాక ఇంటికొచ్చెయ్యనా అని అడిగాను. సిగ్గు విడిచి అడిగాను దోన్యా హన్నియా! కనీసం వెనక్కి కూడా తిరగలేదు. విననట్టే స్టేజీ మీదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాతే కదా నేను పడింది. నా మాటనీ, నన్నూ రెండింటినీ వదిలేశాడు."

"ఏ చెవిలో చెప్పావు?"

"ఏ చెవి ఏమిటి?"

"చెప్పవే తల్లీ. కుడిదా, ఎడమదా?"

"ఎడమ. స్టేజీ ఎక్కే చోట నేనెప్పుడూ వాడికి ఎడమ పక్కనే కదా నిలబడేది."

"వాడి ఎడమ చెవి పోయింది, యోర్లేనీ. ఏప్రిల్ నుంచి ఆ చెవిలో పిడుగు పడినా వినపడదు."

ఆ పిల్ల బఠాణీల సంచి పక్కన పెట్టేసింది. కిటికీ అవతల బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. తర్వాత తన చేతులకేసి చూసుకుంటూ, నెమ్మదిగా లెక్క వేసుకుంటున్నట్టు మాట్లాడింది.

"మంచం మీద నేను గోడ వైపు పడుకుంటాను. గోడ వైపంటే వాడి ఎడమ. వాడికి కుడి పక్కకి తిరిగి పడుకునే అలవాటు. మంచి చెవి దిండులో ఉంటుంది." ఆగింది. "రోజూ రాత్రి మాట్లాడేదాన్ని. మా అమ్మ గురించి, కనాలనుకున్న పిల్లల గురించి, అన్నీ. ఊ అని కూడా అనేవాడు కాదు. ఆఖరికి, నేను వెళ్లిపోతాను అన్నా ఊ అనలేదు. పెడచెవిన పెడుతున్నాడనుకున్నాను." నవ్వు మొదలుపెట్టి ఏడుపులోకి దిగిపోయింది. "గోడతో కాపురం అన్నాను కదా. నిజంగా గోడకే చెప్పుకున్నాను!"

నేను ఆ పిల్ల తల నిమిరాను. నిమురుతుంటే చేతికి బొప్పి తగిలింది. కుడి చెవి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేశాను.

యోర్లేనీ మొహం తుడుచుకుని విసురుగా స్టేజీ మీదికి వెళ్లింది. గ్రేవిన్ లేచి నిలబడ్డాడు. మంచి చేత్తో వాడి భుజం మీద ఒక్కటి వేసింది, ఛెళ్లుమని.

"చెవి పోతే పోయింది. నోటికేమొచ్చింది నీకు? నోరు కూడా ఎండిపోయిందా?"

"నువ్వే మాట్లాడ్డం మానేశావనుకున్నాను," అన్నాడు గ్రేవిన్.

"నేనా? మాట్లాడ్డం మానేశానా? నేను?"

పైనుంచి దోన్ ఎవేలియో, "ఆ అనుమానం వచ్చినప్పుడైనా చెవి పోయిందని తెలుసుకోవాల్సింది కదరా!" అన్నాడు. ముగ్గురం పగలబడి నవ్వాం. ఆ నవ్వుతో సగం బరువు దిగింది.

నవ్వు ఆగాక గ్రేవిన్ అడిగాడు. "నిన్న వెనకనుంచి వాటేసుకున్నప్పుడు నా చెవిలో ఏదో చెప్పి ఉంటావు. ఏం చెప్పావు?"

"శుక్రవారం మాట శుక్రవారానికే."

"యోర్లే!"

"ముందు నన్ను పట్టుకో. తర్వాత చూద్దాం."

ఎలా పట్టుకుంటాడన్నదే మిగిలింది. ఆమె భుజాల మీద కాస్త వెలుగు వెయ్యనా అన్నాడు దోన్ ఎవేలియో. వద్దన్నాను. వెనక వెలుగు ఉంటే ఇక చీకట్లోంచి చేతులు రావడం ఏముంటుంది? అప్పుడు యోర్లేనీ కుడి మడమతో నేల మీద ధన్ మని తన్నింది. పాత కాఫీ గిడ్డంగి కదా, మందపాటి కర్ర పలకలు. నా కుర్చీ కదిలింది.

"ఇది తెలిసిందా?"

గ్రేవిన్ వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. వాడి మొహం విప్పారింది. "అరికాల్లోకి వచ్చింది."

"కుదరదు," అన్నాను నేను. "అక్కడ నిశ్శబ్దం ఉండాలి. ఊపిరి ఒక్కటే వినపడాలి. ఆ నిశ్శబ్దం కోసం నేను ఏడాది పాటు పాటగాళ్లతో కొట్టుకున్నాను. ఇప్పుడు దాని మధ్యలో మడమతో తన్నుతారా?"

"హన్నియా," అన్నాడు దోన్ ఎవేలియో పైనుంచి, "నీ నిశ్శబ్దం నిన్న ఒక పిల్ల తల పగలగొట్టబోయింది. ఇంకా దాన్నే వెనకేసుకొస్తావా?"

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎందుకంటే ఆయన అన్నది నిజం. పరుపు వేయించి, లైట్లు ఆర్పించి చేయించాను. మొదటిసారి గ్రేవిన్ ఆలస్యంగా వచ్చాడు, యోర్లేనీ పరుపు మీద పడింది. "ఇంకా గట్టిగా తన్ను," అన్నాడు. రెండోసారి ధన్ మనగానే చీకట్లోంచి వాడి చేతులు వచ్చాయి. మళ్లీ మళ్లీ చేశారు. ప్రతిసారీ వచ్చాయి. నా నిశ్శబ్దానికి నీళ్లొదిలేసి, సరే అన్నాను.

సాయంత్రానికి మబ్బు దించేసింది. తెర లేచే వేళకి అసలు వాన మొదలైంది. లా గోతెరాలో ఇన్నేళ్లున్నాను గానీ అలాంటి వాన చూడలేదు. రేకుల మీద ఎవరో లారీతో కంకర కుమ్మరిస్తున్నట్టుంది. పాట సగం వినపడుతోంది, సగం లేదు. గదుల్లో బకెట్లు చాలక వంట గిన్నెలు పెట్టారు.

పక్క తెర దగ్గర అందరూ ఒకరికొకరు 'బోలెడు పేడ' చెప్పుకున్నారు. యోర్లేనీ అలవాటు కొద్దీ గ్రేవిన్ ఎడమ పక్కకి వెళ్లి, నాలుక కరుచుకుని, చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి చెప్పింది. వాడు నవ్వాడు, థ్యాంక్స్ చెప్పలేదు. నేను లైట్ల గూట్లోకి ఎక్కి దోన్ ఎవేలియో పక్కన కూర్చున్నాను. నా దగ్గర రెండు మాటలున్నాయి. ఆ పిల్ల ఏం అడగబోతోందో వాడికి తెలియదు, వాడి కుడి చెవి కూడా పోతోందని ఆ పిల్లకి తెలియదు. రెండూ నా కడుపులో ఉన్నాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

పాట ఆగింది. లైట్లు ఆరాయి. నేల మీద చాపంత వెలుగులో యోర్లేనీ పాదాలు మాత్రం మిగిలాయి.

నిశ్శబ్దం లేదు. వాన మోత తప్ప ఇంకేం లేదు. ఆ పిల్ల ఊపిరి పీల్చినా కేక పెట్టినా ఆ హాల్లో ఒక్కడికీ వినపడదు. టిక్కెట్టు కొన్న ప్రతి మనిషీ గ్రేవిన్ లాగే ఉన్నాడు. వెలుగులో ఆమె కుడి మడమ లేచింది. దిగింది. నాకు చప్పుడు వినపడలేదు. కుర్చీ కాళ్ల గుండా సన్నగా ఒక వణుకు వచ్చింది, అంతే.

యోర్లేనీ వెనక్కి ఒరిగింది. నేను దోన్ ఎవేలియో మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన, "గోళ్లు, గోళ్లు!" అన్నాడు.

చీకట్లోంచి రెండు చేతులు వెలుగులోకి వచ్చాయి.

హాలంతా ఒక్కసారి కదిలింది. శుక్రవారం వాళ్లు లేచి చప్పట్లు కొట్టారు కదా, ఇవాళ ఒక్కరూ చప్పట్లకి చెయ్యెత్తలేదు. నాకు కళ్లనిండా నీళ్లు వచ్చేశాయి. ఎందుకు దాచుకోవాలి, వచ్చాయి.

దోన్ ఎవేలియో మెల్లగా లైట్లు పెంచాడు. గ్రేవిన్ ఆమెను చేతుల్లోనే పట్టుకుని ఉన్నాడు. నాట్యం ప్రకారం అక్కడ ఆమెను లేపి నిలబెట్టి, కుడి వైపుకి వెళ్లిపోవాలి. యోర్లేనీ వాడి మెడ పట్టుకుని పైకి లేచింది. లేచి, పెదాలు వాడి కుడి చెవికి ఆనించింది. ఇది నేను కూర్చింది కాదు. ఆమె పెదాలు కదలడం కనిపించింది. ఏమంటోందో నాకు తెలుసు. సీజన్ అయ్యాక ఇంటికొచ్చెయ్యనా.

"హన్నియా, లైటు మార్చనా?" అన్నాడు దోన్ ఎవేలియో.

"ఉండు," అన్నాను.

గ్రేవిన్ కళ్లు మూసుకున్నాడు. కాసేపు అలాగే ఉండి, కళ్లు తెరిచి, వాచిన ఆ చేతికి నొప్పి తగలకుండా యోర్లేనీని జాగ్రత్తగా నేల మీద నిలబెట్టాడు. ఆమె వాడి మొహంలోకి చూస్తూ నిలబడింది. అప్పటికే సగం నవ్వు మొదలైంది ఆ మొహంలో.

ఈసారి వాడు విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.